నాణెం పద్యానికి సాక్ష్యమవుతుందా? – అడిసన్ సంవాదాలు, అరుదైన నాణేల గ్రంథాల ప్రయోజనం

తెలుగు విమర్శకు జోసెఫ్ అడిసన్ కొత్తవాడు కాడు. రిచర్డ్ స్టీల్‌తో కలిసి ఆయన 1711లో ప్రారంభించిన 'స్పెక్టేటర్' పత్రిక పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి' వ్యాసాలకు ప్రేరణ అన్న అభిప్రాయం మన సాహిత్య చరిత్రల్లో స్థిరపడింది. అదే అడిసన్ ప్రాచీన నాణేలపై ఒక గ్రంథం రాశాడన్న సంగతి మాత్రం తెలుగు వ్యాస చర్చలోకి అంతగా రాలేదు. 'డైలాగ్స్ అపాన్ ద యూజ్‌ఫుల్‌నెస్ ఆఫ్ ఏన్షియంట్ మెడల్స్' అనే ఆ రచన, ఆయన మరణించిన రెండేళ్లకు, థామస్ టికెల్ పరిష్కరించిన రచనల సంపుటాల్లో 1721లో వెలువడింది. 1726లో విడి పుస్తకంగా వచ్చింది. 'మెడల్' అన్న మాటను నాటి ఇంగ్లీషులో ప్రాచీన నాణేలకూ వాడేవారు. గ్రీకు, లాటిన్ కవుల రచనలను అర్థం చేసుకోవడానికి ఆ నాణేలు ఎలా తోడ్పడతాయో చెప్పడం ఈ గ్రంథం ఉద్దేశం. కనుక ఇది నాణేల శాస్త్రానికి ఎంత చెందుతుందో సాహిత్య విమర్శకూ అంతే చెందుతుంది.

నేటి నాణేల శాస్త్రజ్ఞులు ఈ గ్రంథాన్ని ప్రమాణంగా స్వీకరించరు. పాత పుస్తకాల సేకర్తలు దీని తొలి ముద్రణలను అపురూపంగా చూస్తారు. కాలం చెల్లినదన్న తీర్పుతో గానీ, అరుదైనదన్న మక్కువతో గానీ సాహిత్య పరిశోధకునికి పని జరగదు. నాణేన్నీ పద్యాన్నీ పక్కపక్కన ఉంచి చదివే విమర్శకుడు ఎక్కడ గట్టి నేల మీద నడుస్తాడో, ఎక్కడ కాలు జారుతాడో ఈ గ్రంథం స్పష్టంగా చూపుతుంది. తెలుగు సాహిత్య చరిత్రలో శాసనాలనూ చాటువులనూ కలిపి కవుల జీవితాలను నిర్మించే పద్ధతికి ఈ పరిశీలన అవసరం. అందుకు గ్రంథాన్ని దాని చిత్ర ఫలకాలతో సహా మొదటి రూపంలో చదవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

నాణేల గ్రంథాల పరంపర

అడిసన్ కాలానికి యూరప్‌లో నాణేల గ్రంథాలకు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. 1517లో రోమ్ నగరంలో అచ్చయిన ఆంద్రేయా ఫుల్వియో గ్రంథం బొమ్మలతో వచ్చిన తొలి నాణేల పుస్తకంగా ప్రసిద్ధం. నాణెం ఆకారంలోని గుండ్రని చట్రాల్లో ప్రసిద్ధ వ్యక్తుల ముఖాలు, వాటి కింద సంక్షిప్త జీవిత చరిత్రలు అందులో ఉంటాయి. కొన్ని చట్రాల చుట్టూ పేరు ఉంటుంది గాని లోపల ముఖం ఉండదు. 1553లో లియోన్ నగరంలో గియోమ్ రూయే ప్రచురించిన గ్రంథం ఇందుకు భిన్నమైన దారి పట్టింది. ఆదాము, హవ్వలు సైతం అందులో నాణేల మీది ముఖాలుగా దర్శనమిస్తారు. ఆధారం లేనిచోట ఫుల్వియో పుస్తకం ఖాళీని మిగిల్చింది. రూయే పుస్తకం ఊహతో నింపింది. ఫుల్వియో చట్రాల్లోనూ ఊహా చిత్రాలు లేకపోలేదు గాని, ఆ ఖాళీలకు మాత్రం విమర్శ దృష్ట్యా విలువ ఉంది.

1557లో ఆంట్వెర్ప్‌లో చక్రవర్తుల చిత్రాల గ్రంథం వెలువరించిన హ్యూబర్ట్ గోల్ట్‌జియస్, ఆ తరువాత జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్ దేశాలు తిరిగి ఎందరో సేకర్తల నాణేలను చూశాడు. అయినా ఆయన చిత్రించిన నాణేల్లో కొన్నింటికి అసలు ప్రతులు ఎక్కడా దొరకలేదన్న విమర్శ ఆయనను వెన్నాడింది. వియన్నాకు చెందిన జోసెఫ్ ఎకెల్ 1792–1798 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువరించిన 'డాక్ట్రీనా నుమోరం వెటెరం'తో ఈ రంగం క్రమశిక్షణ గల శాస్త్రమైంది. 1801లో లిప్సియస్ నాణేల గ్రంథాలకే ఒక గ్రంథసూచి ప్రకటించాడు. నాణేలను సేకరించడంతో పాటు నాణేలపై వచ్చిన పుస్తకాలను సేకరించడం, వర్గీకరించడం కూడా ఒక విద్యగా ఎదిగిందనడానికి ఆ సూచి సాక్ష్యం. ఎకెల్‌కు పూర్వపు పుస్తకాలు శాస్త్రానికి పాతబడింది కూడా ఈ దశలోనే.

సంవాద నిర్మాణం

థేమ్స్ నది ఒడ్డున ఒక పల్లెలో విడిది చేసిన ముగ్గురు మిత్రులు అడిసన్ గ్రంథంలోని పాత్రలు: సింథియో, యూజీనియస్, ఫిలాండర్. నాణేల పిచ్చిని ఎగతాళి చేసేవాడు సింథియో. వాటి ప్రయోజనాన్ని సమర్థించేవాడు ఫిలాండర్. మొదటి సంవాదం నాణేల ఉపయోగాన్ని స్థాపిస్తుంది. రెండవది నాణేల బొరుసు వైపున ఉండే మూర్తులను కవుల పద్యాలతో వివరిస్తుంది. మూడవది ప్రాచీన నాణేలను, అడిసన్ నాటి పతకాలతో పోలుస్తుంది.

ఆక్షేపణలను పరిహాసకుని నోట పలికించి, వాటికి సమాధానంగా విషయాన్ని విస్తరించే ఈ ఏర్పాటు తెలుగు పాఠకునికి పరిచయమైనదే. 'స్పెక్టేటర్' క్లబ్బు వెనుక, 'సాక్షి' సంఘం వెనుక ఉన్నది ఇటువంటి గోష్ఠి కల్పనే. అయితే 'సాక్షి'లో జంగాలశాస్త్రి ఉపన్యాస ధాటికి ఎదురు నిలిచే గొంతు అరుదు. అడిసన్ గ్రంథంలో సింథియో చివరి దాకా చురక వేస్తూనే ఉంటాడు. గ్రంథం తన పద్ధతి మీద తానే సందేహం లేవనెత్తడానికి ఈ పాత్ర వీలు కల్పిస్తుంది. అడిసన్ సంవాదాలను ప్రశంసిస్తూ రాసిన పద్యంలో అలెగ్జాండర్ పోప్ కూడా నాణేల తుప్పు మీద మోజుపడే వారిని పరిహసించాడు. సేకరణ వ్యసనం కాగలదన్న ఎరుక సమర్థకులకూ ఉందన్నమాట.

పద్ధతిలోని బలం, బలహీనత

ఫిలాండర్ వాదంలో బలమైన అంశం ఒకటుంది. దేశాన్ని, నదిని, సద్గుణాన్ని స్త్రీ మూర్తిగానో పురుష మూర్తిగానో భావించడం లాటిన్ కవులకు పరిపాటి. ఆధునిక పాఠకుడు ఆ మూర్తులను తన కాలపు చిత్రకళతో ఊహించుకుంటాడు. రోమన్లు నిజంగా ఏ రూపం చూసేవారో చెప్పగలిగేది నాణెం. హేడ్రియన్ చక్రవర్తి నాణేలపై ఆఫ్రికా ఒక స్త్రీ. ఆమె తలపై ఏనుగు తల ఆకారపు శిరోవేష్టనం, చేతిలో తేలు, దగ్గర ధాన్యం ఉంటాయి. కవి ఆఫ్రికాను సంబోధించినప్పుడు రోమన్ శ్రోత మనసులో మెదిలిన బొమ్మ ఇటువంటిదని నాణెం తెలుపుతుంది. పద్యంలో అలంకారంగా తోచినది నాటి వాడుకలోని దృశ్యమని తేలుతుంది. ఈ మేరకు అడిసన్ పద్ధతి నేటికీ చెల్లుతుంది.

చిక్కు కాలంతో మొదలవుతుంది. హేడ్రియన్ పాలించింది క్రీ.శ. 117–138 మధ్య. దేశమూర్తులను వివరించడానికి అడిసన్ ఆశ్రయించిన కవుల్లో ముఖ్యుడైన క్లాడియన్ క్రీ.శ. 400 ప్రాంతం వాడు. రెండూ ఒకే సంప్రదాయానికి చెందినవనడం సబబే. అయితే రెండున్నర శతాబ్దాల అంతరంలో నాణేన్ని చూసి కవి రాశాడా, శిల్పాన్ని చూశాడా, పూర్వ కవులను అనుసరించాడా అన్న ప్రశ్న అడిసన్‌కు ముఖ్యంగా తోచలేదు. సామ్యం కనిపిస్తే చాలునన్న తృప్తి గ్రంథమంతటా వ్యాపించి ఉంది.

ఈ తృప్తి ఎక్కడికి దారితీస్తుందో యూదయ నాణెం దగ్గర తెలుస్తుంది. యెరూషలేము పతనం తరువాత వెస్పేసియన్ ముద్రించిన ఆ నాణెంపై ఖర్జూర చెట్టు కింద ఒక స్త్రీ దుఃఖిస్తూ కూర్చుని ఉంటుంది. అడిసన్ మొదట దీనికి బైబిలు కీర్తనల్లోని శోక భంగిమను పోలికగా చూపుతాడు. ఇక్కడి వరకు అది సాహిత్య వ్యాఖ్య. తరువాతి అడుగులో, నేల మీద కూర్చున్న శోకస్త్రీగా ఆ దేశాన్ని వర్ణించిన ప్రవక్త వచనాన్ని తెచ్చి, నాణెం నమోదు చేసిన బందీత్వాన్నే ఆ వచనం ముందుగా చెప్పిందంటాడు. పోలిక కాస్తా ప్రమాణమైంది. ఓడిన దేశాన్ని కుంగి కూర్చున్న మూర్తిగా చూపడం రోమన్ విజయచిత్రాల్లో సాధారణ ఆచారం. ఆ వివరణ చేతికందేంత దగ్గర ఉండగా అడిసన్ దూరపు వివరణను ఎన్నుకున్నాడు. వ్యాఖ్యాత విశ్వాసం ముందే నిర్ణయించిన అర్థాన్ని నాణెం చేత పలికించాడు.

తెలుగు పరిశోధనకు అన్వయం

ఇటువంటి జారుడు తెలుగు సాహిత్య చరిత్రకు దూరమైనది కాదు. బంగారు నాణేలతో తనకు అభిషేకం జరిగిందని చెప్పే, శ్రీనాథునిదిగా ప్రచారంలో ఉన్న చాటువులో దీనార, టంక శబ్దాలు కనిపిస్తాయి. దాని ఆధారంగా విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకం జరిగిందన్న కథనం స్థిరపడింది. విజయనగర బంగారు నాణేనికి వాడుకలో ఉన్న పేర్లు గద్యాణం, వరాహ. దీనారం అన్న మాటకు మూలం రోమన్ నాణెం పేరైన డెనారియస్. అడిసన్ పరిశీలించిన నాణేల కుటుంబానికి చెందిన పదమే. గుప్తుల కాలంలో బంగారు నాణేనికి ఆ పేరు వాడారు. అరబ్బీలో అది దీనార్ అయింది. టంకం ఢిల్లీ, బహమనీ సుల్తానుల నాణేలకు వర్తించిన పేరు. కనుక చాటువులోని జంట శబ్దం సంస్కృత సంప్రదాయం నుంచి వచ్చిన కావ్య పదం కావచ్చు, సమకాలపు సుల్తానుల నాణేన్ని సూచించే వాడుక కావచ్చు. ఆ శబ్దం ఒక్కటే విజయనగర టంకశాలను సూచించజాలదు. అభిషేక కథనాన్ని తోసిపుచ్చడానికి ఇది చాలదు. దానికి నాణేల బలం కట్టబెట్టకూడదని చెప్పడానికి చాలు.

దీనికి ఎదురుగా రాజరాజనరేంద్రుని నాణెం ఉంది. మధ్యలో చాళుక్య వరాహ లాంఛనం, చుట్టూ తెలుగు-కన్నడ లిపిలో రాజు పేరు, పాలనా సంవత్సరం ఉన్న పలుచని బంగారు నాణేలు అరకాన్ తీరంలోని చెదుబా దీవిలో దొరికాయి. శక్తివర్మ నాణేలు కూడా అక్కడ లభించాయి. నన్నయ భారతం అవతారికకూ ఈ నాణేనికీ రాజు ఒక్కడే. అయినా నాణెం నన్నయను గురించి ఏమీ చెప్పదు. అది చెప్పేది వేరు: రాజు ఏ చిహ్నంతో తనను ప్రకటించుకున్నాడు, ఏ సంవత్సరంలో నాణెం వెలువడింది, ఆదికవి కాలంలో అక్షరాల రూపం ఎటువంటిది. మొదటి ఉదాహరణలో పద్యం నాణేన్ని పలుకుతున్నా నాణెం ఏదో తేలదు. రెండవదానిలో నాణెం నిశ్చితమైనా పద్యంతో దానికి నేరు సంబంధం లేదు. విమర్శకుడు ఈ రెండు స్థితులను వేరుచేయకపోతే అడిసన్ యూదయ నాణెం దగ్గర చేసిన పొరపాటే ఇక్కడా జరుగుతుంది.

ప్రతి, ఫలకం, భద్రత

ఇంతటి పరిశీలనకు పాత పుస్తకమే ఎందుకన్న ప్రశ్నకు సమాధానం ఫలకాల్లో ఉంది. అడిసన్ తన వివరణను మూడు వరుసల నాణేల బొమ్మలతో, వరుస సంఖ్యల ద్వారా ముడిపెట్టాడు. ఫలకాలు లేని పాఠంలో ఆ సంఖ్యలు దిక్కులేనివవుతాయి. పద్యమూ వ్యాఖ్యానమూ మిగిలి నాణెం మాయమవుతుంది. పైగా ఛాయాచిత్రానికి పూర్వపు ఫలకం నాణేనికి నకలు కాదు. అరిగిన గీతను చెక్కడపు పనివాడు పూరిస్తాడు, అస్పష్టమైన వస్తువుకు స్పష్టమైన ఆకారం ఇస్తాడు. వ్యాఖ్యాత కంటే ముందే ఒక వ్యాఖ్యానం అక్కడ జరిగిపోయింది. 1908లో బ్రిటిష్ మ్యూజియం ప్రచురించిన రాప్సన్ ఆంధ్ర నాణేల సూచి వంటి గ్రంథాల్లోని ఛాయాచిత్ర ఫలకాల పక్కన పాత చెక్కడాలను ఉంచితే ఈ తేడా బోధపడుతుంది. అరుదైన నాణేల గ్రంథాన్ని ఎన్నుకునే సేకర్త మొట్టమొదట ఫలకాలన్నీ ఉన్నాయో లేదో లెక్కించి చూడడం వెనుక ఉన్న కారణం పరిశోధకునికీ వర్తిస్తుంది. తరచుగా మడత విప్పకుండా తీసిన ఫలకాలతో లభించే డిజిటల్ ప్రతులు ఈ లెక్కకు నిలవవు.

దక్షిణ భారతానికి సంబంధించి వాల్టర్ ఇలియట్ 'కాయిన్స్ ఆఫ్ సదరన్ ఇండియా' (1886) ఇదే కోవలోకి వస్తుంది. ఉత్తర సర్కారుల్లో అధికారిగా ఉండి, 1845లో అమరావతి స్తూపం వద్ద తవ్వకాలు జరిపిన ఇలియట్, చూపు కోల్పోయిన చివరి దశలో ఆ గ్రంథాన్ని పూర్తిచేశాడు. ఆయన నిర్ణయాల్లో కొన్నింటిని తరువాతి పరిశోధన సవరించి ఉండవచ్చు. ఆయన తరువాత తెలుగు చరిత్రకారులు ఏ నాణేన్ని ఏ పేరుతో పిలిచారో, ఆ పేరు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలంటే ఆ సవరించబడిన పుటనే తెరవాలి. కొత్త సూచి వచ్చిందన్న కారణంతో గ్రంథాలయం పాతదాన్ని తొలగిస్తే, ఒక నిర్ణయం మిగిలి దాని పుట్టుక పోతుంది. తాళపత్ర ప్రతుల విషయంలో తెలుగు పరిష్కర్తలు ఈ సూత్రాన్ని ఎప్పుడో గుర్తించారు. అపపాఠాన్ని కూడా అధోజ్ఞాపికలో భద్రపరచడం వారి పద్ధతి. అచ్చు పుస్తకానికీ ఆ గౌరవం దక్కాలి.

అడిసన్ సంవాదాలు నాణేల శాస్త్రానికి నేడు నేర్పగలిగేది స్వల్పం. పద్యానికి బాహ్య ప్రమాణం వెదికే విమర్శకునికి మాత్రం అవి మంచి పాఠం. నాణెం కవి ఊహకు రూపం చూపగలదు. కవి జీవితానికి సాక్ష్యం చెప్పాలంటే కాలం, స్థలం, పేరు మూడూ విడిగా కుదరాలి. అవి కుదరని సందర్భాల్లో ఫుల్వియో పుస్తకంలోని ఖాళీ చట్రాలు సాహిత్య చరిత్రకారుడు అనుసరించదగిన మార్గం.