పాదానికీ ఇంజిన్‌కీ మధ్య

రేసింగ్ డ్రైవర్ ఆయర్టన్ సెన్నా జపాన్‌లోని సుజుకా ట్రాక్ మీద హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ కారు నడుపుతున్న పాత వీడియో ఒకటుంది. కెమెరా కాసేపు ఆయన పాదాలనే చూపిస్తుంది. రేసింగ్ బూట్లు కాదు, మామూలు లోఫర్లు. మలుపు మధ్యలో కుడికాలు యాక్సిలరేటర్‌ను తొక్కిపట్టి ఉంచదు. టకటకా కొడుతూనే ఉంటుంది. వెనక టైర్లకు ఇంకెంత పట్టు మిగిలిందో ఆ కాలు అడుగుతుంది, ఇంజిన్ ఆ క్షణంలోనే చెబుతుంది, ఆ జవాబు తెలిశాక కాలు మళ్లీ అడుగుతుంది. డ్రైవింగ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

అప్పటి ఎన్‌ఎస్‌ఎక్స్‌లో పెడల్‌నూ, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్‌నూ కలిపేది కేబుల్. 1995లో ఆ కారుకు ఎలక్ట్రానిక్ థ్రాటిల్ వచ్చింది. బీఎమ్‌డబ్ల్యూ ఆ పని 1980ల చివర్లోనే తన పన్నెండు సిలిండర్ల 750లో చేసేసింది. 1997లో కార్వెట్, 1999లో ఫెరారీ 360 మోడెనా అదే దారి పట్టాయి. ఇప్పుడు షోరూములో ఉన్న స్పోర్ట్స్ కార్లలో కేబుల్ కోసం వెతకడం దండగ.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నది మారుతి 800 మీద. కేబుల్ వదులైతే పెడల్ కొంత దూరం ఊరికే కిందికి పోయేది. మెకానిక్ బానెట్ ఎత్తి నట్టు కాస్త బిగిస్తే సరిపోయేది. ఇవాళ్టి ఎలక్ట్రానిక్ థ్రాటిల్ కార్లలో పాదానికీ ఇంజిన్‌కీ మధ్య వచ్చే ఆలస్యం ఏ స్పానర్‌కూ లొంగదు. అది ఎక్కడుందో ముందు తెలియాలి.

పెడల్ దగ్గర రెండు సెన్సార్లుంటాయి. పెడల్ ఎంత కిందికి పోయిందో రెండూ వేర్వేరు వోల్టేజీల్లో చెబుతాయి. రెంటికీ పొంతన కుదరకపోతే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, ఇంజిన్ శక్తిని తగ్గించేస్తుంది. కుదిరితే ఒక చిన్న మోటారు, పళ్లచక్రాల సాయంతో, థ్రాటిల్‌లోని బిళ్లను తిప్పుతుంది. మూసి ఉన్న బిళ్ల పూర్తిగా తెరుచుకోవడానికి సుమారు సెకనులో పదోవంతు పడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ లోపు కారు 2.8 మీటర్లు ముందుకెళ్లిపోతుంది. 9,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఇంజిన్ 15 చుట్లు తిరిగేస్తుంది. మృదంగం మీద చెయ్యి పడ్డాక పదోవంతు సెకను ఆగి శబ్దం వస్తే ఏ విద్వాంసుడు తాళం నిలపగలడు?

అయినా మోటారును తప్పుపట్టలేం. లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏనే చూడండి. పది సిలిండర్లకు పది విడి థ్రాటిళ్లు, అన్నీ ఎలక్ట్రానిక్‌వే. ఐడ్లింగ్ నుంచి 9,000 ఆర్‌పీఎమ్‌కు 0.6 సెకన్లలో చేరుతుంది. ఆ వేగాన్ని ముల్లు అందుకోలేదని టాకోమీటర్‌కు డిజిటల్ తెర పెట్టారు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అంటేనే మందకొడితనం అనేవాళ్లకు ఈ ఒక్క కారు చాలు.

అసలు ఆలస్యం ఈసీయూ ఆలోచనలో ఉంది. 1990ల చివర బాష్ ఎమ్‌ఈ7 లాంటి ఇంజిన్ నియంత్రణ వ్యవస్థలు వచ్చాక పెడల్ థ్రాటిల్‌ను తెరవడం మానేసింది. ఇంత టార్క్ కావాలని అడగడం వరకే దాని పని. ట్రాక్షన్ కంట్రోల్, గేర్‌బాక్స్, ఏసీ కంప్రెసర్, కెటలిటిక్ కన్వర్టర్ కూడా అదే వరుసలో నిలబడి తమ మాట చెబుతాయి. ఇవన్నీ విన్నాకే బిళ్ల కదులుతుంది. పైగా గేర్ల పళ్ల మధ్య సందువల్ల కారు కుదుపుతుందని పాదం కదలికను నున్నగా చేసే ఫిల్టర్ ఒకటి. జారే రోడ్డు మీద స్టెబిలిటీ కంట్రోల్ ప్రాణాలు కాపాడుతుంది, దానికి ఈ వ్యవస్థ కావాలి. అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ సెన్నా పాదాన్ని ఆ ఫిల్టర్ ముందు పెడితే ఏమవుతుంది? ఆ టకటకలన్నీ సగటైపోయి ఇంజిన్‌కు ఒక తిన్నని గీతలా అందుతాయి. అడిగిన ప్రశ్నలే చేరవు, ఇక జవాబెక్కడిది!

గేరు పైకి మార్చేటప్పుడు ఇంకో చిక్కు. క్లచ్ తొక్కి యాక్సిలరేటర్ వదిలేసినా ఆర్‌పీఎమ్ దిగదు, అక్కడే వేలాడుతుంది. థ్రాటిల్ టక్కున మూసుకుంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం గోడలకు అంటిన పెట్రోలు సరిగా కాలకుండా పొగలో పోతుంది. కాలుష్య నిబంధనల కోసం బిళ్లను నెమ్మదిగా మూస్తారు. కారణం న్యాయమైనదే. ఆ ఎదురుచూపు మాత్రం మాన్యువల్ గేరు నడిపే చేతికి పెద్ద శిక్ష.

పెడల్ ఆలస్యానికి మందుగా అమ్ముతున్నది స్పోర్ట్ బటన్, లేదంటే బయట దొరికే పెడల్ బాక్స్. నాకు వాటి మీద కోపం. పెడల్‌ను ఐదోవంతు తొక్కితే సగం తొక్కినట్టు ఈసీయూకు చెప్పడమే పెడల్ బాక్సు చేసే పని. కారు ఎక్కువ ఉరుకుతుంది, ముందుగా ఉరకదు. ఆలస్యం అలాగే ఉంటుంది. పోయేది మలుపులో పాదానికి ఉండాల్సిన సన్నని అదుపు. కొన్ని కార్ల స్పోర్ట్ బటన్ ఫిల్టర్‌ను కూడా సడలిస్తుంది, అది నిజమైన మేలు. కానీ పెడల్ నొక్కును పెంచి చెప్పడాన్నీ, ఫిల్టర్‌ను సడలించడాన్నీ బ్రోచర్లు ఒకే మాటతో కలిపేస్తాయి.

గేరు దించేటప్పుడు బ్రేకు మీద కాలివేళ్లు ఉంచి, మడమతో యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టే హీల్ అండ్ టో విద్య ఉంది కదా, దానికి ఇంజిన్ వెంటనే స్పందించడమే ప్రాణం. ఆలస్యం ఉన్న కారులో తట్టు ముందే పడాలి, గట్టిగా పడాలి. నేనిప్పుడు అలాగే కొడుతున్నాను. కాలికి అలవాటైంది, మనసుకు కాలేదు. బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి నొక్కితే శక్తి కోసేసే కార్లలో ఆ మాత్రం అవకాశమూ ఉండదు. నిస్సాన్ 2009 మోడల్ 370జెడ్‌లో ఆ తట్టును కారే కొట్టేలా చేసింది. పని శుభ్రంగా చేస్తుంది కూడా. నా వరకు ఆ సదుపాయం ఆఫ్‌లోనే ఉండాలి.

కొనబోయే కారును పరీక్షించాలంటే స్పోర్ట్ బటన్ జోలికి పోకండి. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో, 3,000 ఆర్‌పీఎమ్ దగ్గర, పెడల్‌ను కొంచెం నొక్కి వదలండి, మళ్లీ నొక్కి వదలండి. ప్రతి నొక్కుకూ నడుం దగ్గర విడివిడిగా ఒక్కో కదలిక తెలిస్తే ఆ కారు మీ మాట వింటున్నట్టే. అన్నీ కలిసిపోయి ఒకే తోపుగా వస్తే, బానెట్ కింద ఎన్ని గుర్రాలున్నాయని చెప్పినా, నేనైతే తాళం తిరిగి ఇచ్చేస్తాను.