గురుకులం, శిబిరం: ఆడపిల్ల చదువుకు రెండు దారులు

సికింద్రాబాద్‌లోని మారేడుపల్లి నుంచి పనిచేసే మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1981లో పుట్టింది. వెట్టిచాకిరీలో ఉన్న పిల్లలను బడికి పంపడానికి 1991లో రంగారెడ్డి జిల్లా పల్లెలకు వెళ్లింది. ఫౌండేషన్‌ను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు తెచ్చిన కృషి అదే. దాని పక్కన ప్రభుత్వ గురుకులాన్ని పెట్టి చూడాలి. రెండూ మంచివేనని ఊరుకుంటే విమర్శ కాదు.

గురుకులం పిల్లను ఊరు దాటిస్తుంది. అక్కడ తమ్ముణ్ణి ఎత్తుకోనక్కర్లేదు, నీళ్లు మోయనక్కర్లేదు, వేళకు తిండి దొరుకుతుంది. నిజామాబాద్ జిల్లా పాకాలలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన మాలావత్ పూర్ణ, తాడ్వాయి గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ ఘనతను ఎవరూ తక్కువ చేయలేరు. అయితే గురుకులానికి ప్రవేశపరీక్ష ఉంది, సీట్లకు హద్దు ఉంది. అయిదో తరగతి సీటుకు పరీక్ష రాయాలన్నా పిల్ల అప్పటికే బడిలో ఉండాలి. చేలో ఉన్న పిల్ల ఆ గేటు దాకా రానే రాదు.

ఫౌండేషన్ నడిపే శిబిరం మొదలయ్యేది ఆ పిల్ల దగ్గరే. మహబూబ్‌నగర్, కర్నూలు వైపు సీడు పత్తి చేలనే తీసుకోండి. సాయంత్రం మొగ్గ ఒలవాలి, మర్నాడు పొద్దున్నే దానికి పుప్పొడి రుద్దాలి, ప్రతి పువ్వుకూ చేత్తోనే. ఈ క్రాసింగ్ పనికి ఏళ్ల తరబడి ఆడపిల్లలనే పెట్టుకున్నారు. వాళ్ల వేళ్లు సన్నమని చెప్పేవారు. అసలు సంగతి కూలి తక్కువ, ఎదురు చెప్పరు. పంటకు ముందే తల్లిదండ్రుల చేతికి అడ్వాన్సు వస్తుంది. బడి తెరిచేనాటికే పిల్ల అప్పులో ఉంటుంది. పని అయ్యేసరికి సగం విద్యా సంవత్సరం దాటిపోతుంది, మరుసటేడు చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గు, ఆపైన పెళ్లి. ఆ పిల్లే చదువుకుని ఉంటే అడ్వాన్సు కాగితం మీద సంతకం పెట్టేముందు అంకె చూస్తుంది, రేపు బిడ్డ టీకా కార్డు చదువుతుంది.

ఇక్కడ ఫౌండేషన్ రాజీపడలేదు. బడికి రాని ప్రతి పిల్లా బాలకార్మికురాలేనంది. పగలు పని, రాత్రి బడి అనే ఏర్పాటును ఒప్పుకోలేదు. వయసు మీరిన పిల్లలను శిబిరంలో నెలల తరబడి చదివించి, ఈడుకు తగ్గ తరగతిలో మామూలు సర్కారు బడిలోనే చేర్పించింది. “ఇంకో ఇంటికి పోయే పిల్లకు చదువెందుకు” అనే మాటకు పంతుళ్లు, సర్పంచులు, ఊరి యువకులే జవాబు చెప్పేలా చేసింది. పేదరికం వల్లే పిల్లలు పనికి పోతున్నారంటే, పిల్లల కూలి చవగ్గా దొరికినంతకాలం పెద్దల కూలి పెరగదన్నది వాళ్ల వాదన. నాకు అది తిరుగులేనిదిగా కనిపిస్తుంది.

శిబిరానికి ఒక బలహీనత ఉంది: చివరికి అది ఊరి బడి మీదే ఆధారపడాలి. ఊళ్లో బడి ఏడో తరగతితో ఆగిపోయి, పక్క ఊరికి బస్సు లేకపోతే, అంత కష్టపడి చేర్చిన పిల్ల మళ్లీ చేలోకే పోతుంది. అక్కడ మాత్రం హాస్టలు తప్పదు. బడి మానేసిన ఆడపిల్లల కోసం 2004లో వచ్చిన కస్తూర్బా విద్యాలయాలు ఈ రెండు పద్ధతులకూ దగ్గరగా ఉన్నాయి.

అయినా ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే, ముందు ఊరి బడికే ఇమ్మంటాను. గురుకులాల సీట్లు లెక్కపెట్టే ప్రతి మండలంలోనూ బడి ఈడు ఆడపిల్లలు ఎంతమంది పనిలో ఉన్నారో, ఊరిపేరుతో సహా జాబితా తయారుచేయాలి.