బీద రిచ్చర్డు పంచాంగము

ఒక గ్రంథము విద్వాంసుల బీరువాలలో నిలిచినంతమాత్రమున గొప్పది కాదు; చదువరుల యిండ్లలో నెంత పని చేసినదో దానినిబట్టి విలువ కట్టవలెను. ఇట్లు చూచినచో, ఆంగ్లేయుల యేలుబడిలోని అమెరికా వాఙ్మయమున పంచాంగమునకు పెద్దపీట వేయవలసియున్నది. మసచూసెట్సులోని కేంబ్రిడ్జిలో నెలకొన్న తొలి ముద్రణాలయము 1639లోనే పంచాంగమును వెలువరించెను. సూర్యోదయాస్తమయములు, చంద్రకళలు, గ్రహణములు, న్యాయస్థానములు కూడు దినములు నిట్టి పుస్తకములలో నుండెడివి. ఏ రాశి యే యవయవము నేలునో చూపు మనుష్యుని బొమ్మయు నుండెడిది.

ఫిలడెల్ఫియాలో ముద్రాపకుడైన బెంజమిన్ ఫ్రాంక్లిను, బీద రిచ్చర్డు అను కల్పితవ్యక్తి పేర 1732లో మరుసటి యేటి పంచాంగమును ప్రకటించెను. ఏటేట దాదాపు 10,000 ప్రతులు చెల్లినవని స్వీయచరిత్రలో చెప్పుకొనెను. వేరు పుస్తకము కొననివారికి నిదియే విద్యాసాధనమని తలచి, తేదీల నడుమ మిగిలిన చోట్లను నీతివాక్యములతో నింపెను. అందు పెక్కులు పరుల సొమ్మే. కాని వానిని సానబట్టి జనుల నాలుకలపై నిలిపిన నేర్పు మాత్ర మాతనిదే.

జోస్యముపై నాతడు విసరిన పరిహాసమును చూడుడు. తన పోటీదారు టైటన్ లీడ్సు 1733 అక్టోబరు 17వ తేదీన మరణించునని ప్రకటించెను. ఆయన బ్రతికియుండి మొఱపెట్టుకొన్నను, చచ్చినవాడేయని తరువాతి సంచికలలో వాదించెను! అయినను రాశుల బొమ్మను మాత్రము తన పంచాంగమునుండి తొలగింపలేదు. మూఢవిశ్వాసమును వెక్కిరించుట సులభము. దానివలన వచ్చు లాభమును విడుచుట కష్టము.

మా ముఖ్యాక్షేప మింతకంటె పెద్దది. 1758 నాటి పీఠికలో నొక వృద్ధునిచేత పొదుపును, కృషిని బోధింపించి, ఋణము దాస్యమేయని హెచ్చరించెను. విన్న జనులు మెచ్చుకొని, వెంటనే వేలములో దుబారాగా కొనిరని తానే చమత్కరించెను. అప్పులవాని దాస్యమును గుర్తించిన యీ నీతి, నిజమైన దాసులను గుర్తింపలేదు. ఆతని వార్తాపత్రికలోనే బానిసల విక్రయప్రకటనలు వెలువడెను. ఆతని యింటనే బానిసలుండిరి. 1787లో నాతడు బానిసత్వనిర్మూలన సంఘమున కధ్యక్షుడైన మాట నిజమే; కాని యాతడు పంచాంగము వ్రాయుట మాని యప్పటికి చాలకాలమైనది.

ఆ కొఱతను, స్వాతంత్ర్యానంతరమున, మేరీలాండులోని స్వతంత్ర నీగ్రో గణకుడు బెంజమిన్ బానకరు తీర్చెను. స్వయంకృషిచే ఖగోళగణితము నేర్చి, 1792వ యేటికి పంచాంగము గణించెను. సర్వమానవులు సమానులని వ్రాసిన జెఫర్సనే బానిసల నుంచుకొనుట యేమి న్యాయమని 1791 ఆగస్టు 19వ తేదీన లేఖ వ్రాసి, ఆ లేఖను ప్రత్యుత్తరముతోగూడ 1793 పంచాంగమున ప్రకటింపించెను.

ఫ్రాంక్లిను పంచాంగము కుటుంబమునకు ధనమార్గమును చూపెను. బానకరు పంచాంగము సంఘమునకు ధర్మమార్గమును చూపెను. మొదటిది వేలకొలది యిండ్లలో చదువబడినది; చదువబడవలసినది రెండవదియని మా యభిప్రాయము.