మంచం పక్కకు వచ్చినవాడా

జబ్బుపడ్డ మనిషిని మనం మంచం పట్టాడంటాం. మంచాన్ని గ్రీకులు క్లీనే అన్నారు. ఆ మంచం దాకా నడిచివచ్చే వైద్యుణ్ణి క్లినికోస్ అన్నారు. ఆ మాటే కాలాలు దాటి, సముద్రాలు దాటి మన వీధి చివర క్లినిక్ అయి నిలిచింది. మంచం పక్కకు వచ్చినవాడా, నీకు దండం!

మొదట నువ్వు రాత్రిపూట వచ్చేవాడివి. అప్పుడు నీ పేరు అస్క్లేపియస్. అపోలో దేవుడి కొడుకువి. తల్లి కొరోనిస్ చితి మీద ఉండగా ఆమె కడుపులోంచి నిన్ను బయటికి తీశారని కథ. సగం మనిషి, సగం గుర్రమైన కైరాన్ నీకు మూలికలు చూపించాడు, గాయాలు మాన్పడం నేర్పాడు. నీ విద్య చచ్చినవాణ్ణి లేపేదాకా పోయింది. దేవతల రాజు జ్యూస్ పిడుగు వేసి నిన్ను చంపాడు. చావు రుచి ఎరిగిన దేవుడివి నువ్వు. అందుకే బాధపడేవాళ్లు నిన్ను తమవాడనుకున్నారు. నీ చేతిలో కర్ర, కర్రకు చుట్టుకున్న ఒకే ఒక పాము. నీ కూతుళ్లలో ఇద్దరు: ఒంట్లో ఆరోగ్యమై ఉండే హైజీయా, అన్ని జబ్బులకూ మందైన పనాకియా.

గ్రీసులోని ఎపిడారస్‌లో నీ గుడికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. చూపు పోయినవాళ్లు, కాలు పడిపోయినవాళ్లు, బిడ్డలు లేనివాళ్లు. స్నానం చేసి, మొక్కు చెల్లించి, చీకటి పడ్డాక పొడవాటి మంటపంలో పడుకునేవారు. దాని పేరు అబటోన్, అంటే అడుగు పెట్టరానిది. మామూలు వేళ కాలు మోపరాని ఆ చోట, రోగికి మాత్రం పడక వేశారు. అక్కడ నిద్రే మందు. కల్లోకి నువ్వు రావడమే వైద్యం.

యూఫనీస్ అనే పిల్లాడు కూడా ఆ మంటపంలో పడుకున్నాడు. ఒంట్లో రాయి పెరిగి బాధపడుతున్నాడు. నువ్వు కల్లో వచ్చి, నయం చేస్తే నాకేమిస్తావని అడిగావట. పది ఆట ఎముకలిస్తానన్నాడు వాడు. మన పిల్లలు గచ్చకాయలాడినట్టు వాళ్లు ఆడుకునే గొర్రె చీలమండ ఎముకలు అవి. వాడి ఆస్తి అంతే. నువ్వు నవ్వావట. తెల్లారేసరికి పిల్లాడు లేచి నడిచి వెళ్లాడట. రాతి మీద చెక్కిన ఇలాంటి కథలు సుమారు 70 ఇప్పటికీ మిగిలాయి. ఆ నవ్వుకు దండం! పసివాడి బేరాన్ని కాదనని దొడ్డతనానికి దండం!

కానీ ఆ ఆవరణలో ఎవరూ చనిపోకూడదన్నారు, ఎవరూ పురుడు పోసుకోకూడదన్నారు. రాళ్ల మీద బాగుపడ్డవాళ్లే మిగిలారు. బాగుపడనివాళ్ల మాట ఏ రాయీ చెప్పలేదు.

అందుకే నువ్వు పగలు కూడా రావలసి వచ్చింది.

క్రీ.పూ. 460 ప్రాంతంలో కోస్ ద్వీపంలో హిప్పోక్రటీస్ అనే వైద్యుడు పుట్టాడు. అతనూ, అతని దారిన నడిచినవాళ్లూ రోగి నాలుక చూశారు, మూత్రం రంగు చూశారు, పొట్ట మీద చెయ్యి వేశారు. ఊళ్లోకి ఏ గాలి వీస్తుంది, తాగే నీళ్లు ఎలాంటివి అని అడిగారు. మూర్ఛరోగాన్ని దేవుడి జబ్బని లోకమంతా వణుకుతుంటే, అన్ని జబ్బుల్లాగే దానికీ కారణం ఒంట్లోనే ఉందన్నారు. రక్తం, కఫం, పచ్చ పైత్యం, నల్ల పైత్యం తూకం తప్పితే జబ్బని కొందరు లెక్క కట్టారు. లెక్క తప్పింది. వెతికిన చోటు తప్పలేదు.

వాళ్ల రాతల్లో ఫిలిస్కస్ అనే రోగి ఉన్నాడు. గోడ పక్కన ఇల్లు. మొదటి రోజు జ్వరం, చెమట. మూడో రోజు పొద్దున జ్వరం దిగినట్టే దిగి సాయంత్రానికి మళ్లీ ఎక్కింది. దాహం, ఎండిన నాలుక, నల్లటి మూత్రం. చేతులూ కాళ్లూ చల్లబడ్డాయి. ఊపిరి పెద్దగా, చాలాసేపటికొకటిగా. ఆరో రోజు మధ్యాహ్నం ప్రాణం పోయింది. ఇలా ఒక్కొక్క రోజూ విప్పి రాసిన రోగులు 42 మంది. అందులో 25 మంది చనిపోయారు. దాచలేదు. తరవాత వచ్చేవాడికి పనికొస్తుందని ఓటమిని కూడా అక్షరంలో పెట్టిన ఆ చేతికి రెండు దండాలు!

క్రీ.పూ. 430లో ఏథెన్స్‌ను మహమ్మారి కమ్మింది. ఆ జబ్బు తనకూ సోకి బతికి బయటపడ్డ చరిత్రకారుడు థుసిడిడీస్, రోగుల దగ్గరికి ఎక్కువగా వెళ్లారు గనక వైద్యులే ఎక్కువగా పోయారని రాశాడు. మంచం పక్కకు రావడానికి వాళ్లు కట్టిన వెల అది. పదేళ్లకు, 420లో, ఏథెన్స్ నిన్ను ఎపిడారస్ నుంచి తెచ్చుకుని అక్రోపోలిస్ వాలున గుడి కట్టింది. నీ రాత్రికీ పగటికీ పేచీ లేదు. వైద్యులు చేసిన ప్రమాణంలో నీ పేరూ నీ కూతుళ్ల పేర్లూ ఉన్నాయి. పెర్గమాన్‌లో ఒక తండ్రికి కల వచ్చింది, కొడుకును వైద్యానికి పంపాడు. ఆ కొడుకే వైద్యుడు గాలెన్. అతని విద్య అరబ్బీలోకీ, ఫార్సీలోకీ దాటి యునానీ అయింది. యునానీ అంటే గ్రీకుదేగా! చార్మినార్ పక్కన యునానీ దవాఖానాలో నాడి పట్టిన హకీం వేళ్లకు ఆ పాత కోస్ గాలి తగిలే ఉంటుంది.

రాత్రి వచ్చి పసివాడితో నవ్వినవాడా, పగలు వచ్చి ఆరో రోజు మధ్యాహ్నం దాకా చూసినవాడా, ఇద్దరూ ఒక్కరే అయినవాడా! మంచం పట్టిన ప్రతి మనిషి గుమ్మంలోకీ రా. చేతిలో మందుంటే మందుతో రా. లేకపోయినా రా.