సున్నా కూడా రాయాలి

ఈ వారం ఒక వార్త చదివి మనసు చివుక్కుమంది. సముద్రపు తాబేలు గుడ్లు కిందటేటికన్నా ఎక్కువ దొరికాయి కాబట్టి మన తీరంలో తాబేళ్లు పెరిగాయని దాని సారాంశం. ఈ కాలమ్ వదలకుండా చదివేవారికి నా పాత పాట తెలుసు. పులస మీద రాసినా, కోరంగి మడ అడవుల మీద రాసినా ఒకటే అంటాను: ముందు లెక్క చెప్పండి, ప్రేమ సంగతి తర్వాత. ఆ లెక్కే తప్పితే నాకు ఊరుకోబుద్ధి కాదు.

గుడ్ల లెక్క తాబేళ్ల లెక్క కాదు. మన ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లే ఒక్క విడతలో వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. అదే తల్లి ఆ సీజన్లోనే మళ్లీ రావచ్చు. మగది పుట్టిన నాడు నీళ్లలో దిగితే ఇక ఒడ్డు మొహం చూడదు. వెతికే మనుషులు పెరిగినా దొరికే గుడ్లు పెరుగుతాయి. అందుకే, ఒడ్డున ఏరిన అంకెలు పక్కన పెట్టి ఉపగ్రహాలకు అందే ట్యాగులతో కొత్తగా లెక్క కట్టాలని రాద్దామనే కూర్చున్నాను.

కూర్చున్నాక హోప్ ఐలాండ్ గుర్తొచ్చింది.

గోదావరి మోసుకొచ్చిన ఇసుక కాకినాడ అఖాతానికి అడ్డుగోడలా సుమారు 16 కిలోమీటర్లు సాగి నిలిచిన దిబ్బ అది. చాలా ఏళ్ల కిందట, ఒక ఫిబ్రవరి నెలలో, ఇంకా తెల్లవారకుండానే ఆ తూర్పు ఒడ్డున నడిచాను. నాతో వచ్చింది తాబేళ్ల కాపలా చేసే ఒక మత్స్యకారుడు. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. కెరటం తడి నుంచి పైకి, ట్రాక్టరు టైరు దొర్లినట్టు ఒక జాడ కనిపించింది. ఆయన వంగి చూసి, ‘‘కుడీ ఎడమా కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి, సూడండి. మనదేనండి’’ అన్నాడు.

జాడ వెంట పోతే చెదిరిన ఇసుక. గుడ్లు కప్పెట్టాక తల్లి తన బరువుతోనే అటూ ఇటూ ఊగుతూ ఇసుకను దిమ్మిస కొట్టి పోతుంది. బాబాయ్ సన్నటి కర్ర తీసి మెల్లగా గుచ్చాడు. గుల్లగా తగిలితే గూడు కింద ఉన్నట్టు. నాలుగైదు చోట్ల చూశాడు. అంతటా గట్టిగానే ఉంది. ‘‘ఊరికే వచ్చి ఎళ్లిపోయిందండి. లైటో, కుక్కో బెదరగొట్టుంటది’’ అని మడమతో జాడకు అడ్డంగా గీత గీశాడు, రేపు వచ్చినవాళ్లు దాన్నే మళ్లీ లెక్కపెట్టకుండా. చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి తేదీ వేసి, జాడ ఒకటి, గూడు సున్నా అని రాసుకున్నాడు.

తిరుగుదారిలో చచ్చిన తాబేలు ఒకటి పడి ఉంది. ఒంటి మీద గాయమన్నది లేదు. తాబేలు ఊపిరి పీల్చుకోవడానికి నీటి పైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కితే ఉక్కిరిబిక్కిరై మునిగిపోతుంది. బాబాయ్ దాని డిప్ప మీద ఎర్ర రంగు పూసి, దాన్నీ పుస్తకంలో రాశాడు. ఆ పుస్తకంలో పేజీలకు పేజీలు సున్నాలే ఉన్నాయి. ఏమీ దొరకని రాత్రి ఎందుకు రాయడమని అడిగాను. ‘‘రాయకపోతే నేను నడవలేదనుకుంటారు కదండి’’ అన్నాడు.

ఆ మాట గుర్తొచ్చాక, రాద్దామనుకున్నది రాయలేకపోయాను. ఉపగ్రహం ఒక తాబేలు ఎంత దూరం పోయిందో చెబుతుంది. మన తీరం మంచిదవుతోందో చెడుతోందో చెప్పేది మాత్రం అదే ఒడ్డున, అవే నెలల్లో, అదే తీరున ఏటేటా నడిచే కాళ్లే. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆంధ్ర తీరంలో రిడ్లేలు గుడ్లు పెట్టే చోట్లను గుర్తించి 2003లో ‘ఓరిక్స్’ పత్రికలో ప్రచురించారు. ఆ లెక్కకూ ఆధారం ఒడ్డున మిగిలిన గుర్తులే. 2025 జనవరిలో కాకినాడ తీరాన తాబేళ్లు చచ్చి కొట్టుకొస్తే రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. ఒడ్డున చూసినవాళ్లు చెప్పబట్టే ఆ సంగతి బయటపడింది.

కాబట్టి గుడ్ల లెక్క వెయ్యనివ్వండి. ఎన్ని కిలోమీటర్లు నడిచారో, ఎన్ని రాత్రులు ఖాళీగా తిరిగొచ్చారో, ఎన్ని చచ్చి పడ్డాయో కూడా దాని పక్కనే వెయ్యమనండి. మీరు వాకలపూడి ఒడ్డునో, అంతర్వేది ఇసుకలోనో చచ్చిన తాబేలును చూస్తే ఫొటో తీసి ఊరుకోకండి. చోటూ తేదీ రాసుకుని అటవీశాఖకు చెప్పండి. ఆ ఒక్కటీ లెక్కలోకి ఎక్కాలి.