స్వతంత్ర రచయిత్రి, ఆమె పాఠకులు: అమాండా హాకింగ్ ‘స్విచ్డ్’ నవల – ఒక పరిశీలన

7.1 ఉపోద్ఘాతం

జనప్రియ నవలను అంచనా వేసేటప్పుడు విద్యార్థులు తరచుగా రెండు పొరపాట్లు చేస్తారు. లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి కాబట్టి నవల గొప్పదని భావించడం ఒకటి. అన్ని ప్రతులు అమ్ముడయ్యాయి కాబట్టే అది చర్చకు తగదని భావించడం రెండవది. రెండు పద్ధతుల్లోనూ పుస్తకం చదవకుండానే తీర్పు చెప్పేయవచ్చు. అందుకే అవి విమర్శ అనిపించుకోవు.

ఈ పాఠ్యభాగంలో అమెరికన్ రచయిత్రి అమాండా హాకింగ్ రచనా పద్ధతినీ, పాఠకులతో ఆమె ఏర్పరచుకున్న సంబంధాన్నీ పరిశీలిస్తాం. ఆమె రాసినవి పారానార్మల్ రొమాన్స్ నవలలు. అంటే ప్రణయమే ప్రధాన వస్తువుగా ఉండి, ప్రేమికుల్లో ఒకరైనా రక్తపిశాచి, మాయాజాతి మనిషి వంటి అతీత వ్యక్తిగా ఉండే నవలలు. స్టెఫనీ మేయర్ ‘ట్విలైట్’ (2005) తరువాత ఈ రకానికి యువ పాఠకుల్లో విశేషమైన ఆదరణ లభించింది. ప్రచురణకర్త లేకుండా రాసినంత మాత్రాన రచయిత స్వతంత్రుడవుతాడా అన్నది ఇక్కడ మన ముందున్న ప్రశ్న.

7.2 రచయిత్రి నేపథ్యం

హాకింగ్ 1984లో జన్మించారు. మిన్నెసోటా రాష్ట్రంలోని ఆస్టిన్ అనే చిన్న పట్టణం ఆమెది. వికలాంగుల సంరక్షణ గృహంలో ఉద్యోగం చేస్తూ, రాత్రివేళల్లో నవలలు రాసేవారు. వాటిని ప్రచురణ సంస్థలకూ సాహిత్య ఏజెంట్లకూ పంపితే తిరస్కరణలే ఎదురయ్యాయి. 2010 ఏప్రిల్‌లో ‘మై బ్లడ్ అప్రూవ్స్’ అనే నవలను స్వయంగా కిండిల్ ఈ-పుస్తకంగా విడుదల చేశారు. షికాగోలో జరగబోతున్న మప్పెట్ బొమ్మల ప్రదర్శనకు వెళ్లడానికి కొన్ని వందల డాలర్లు కూడబెట్టాలన్నది అప్పటి ఆమె కోరిక. ఏడాది తిరిగేసరికి ఆమె పుస్తకాలు 10 లక్షల ప్రతులు దాటాయి.

ఈ విజయాన్ని పత్రికలు అదృష్టగాథగా రాశాయి. కాని దాని వెనుక ఏళ్ల సాధన ఉంది. మొదటి పుస్తకం వెలువడేనాటికే ఆమె దగ్గర అచ్చుకాని నవలలు అనేకం పోగుపడి ఉన్నాయి. ఏ రకం పుస్తకాలకు ఆదరణ ఉందో గమనించి, ఆమె ఈ ప్రక్రియను ఎంచుకున్నారు. పాఠకులు చదవాలనే రాస్తున్నానని చెప్పుకోవడానికి ఆమె ఎన్నడూ సంకోచించలేదు.

7.3 ధర, సశేషం

‘ట్రిల్’ నవలాత్రయంలో ‘స్విచ్డ్’, ‘టార్న్’, ‘అసెండ్’ అనే మూడు భాగాలున్నాయి. అప్పట్లో మొదటి భాగం ధర 99 సెంట్లు ఉండేది. తరువాతి భాగాల ధర 2 డాలర్ల 99 సెంట్లు ఉండేది. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. 2010 జూన్ చివరి నుంచి అమెజాన్ 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధర ఉన్న ఈ-పుస్తకాలపై రచయితకు 70 శాతం రాయల్టీ ఇవ్వసాగింది. అంతకంటే తక్కువ ధర ఉన్నవాటిపై 35 శాతమే దక్కేది. మొదటి భాగంపై ఆమెకు మిగిలేది సుమారు 35 సెంట్లు. రెండో భాగంపై మిగిలేది సుమారు 2 డాలర్లు.

దీని ప్రభావం కథనశిల్పం మీద కూడా పడుతుంది. మొదటి భాగం పాఠకుడిని లోపలికి పిలవాలి, ముగింపులో వదలకూడదు. ‘స్విచ్డ్’ చివర కథానాయిక ప్రేమ, రాజ్యం రెండూ తేలకుండానే మిగిలిపోతాయి. వారపత్రికల్లో ‘సశేషం’ అన్న మాట దగ్గర ఆగిన తెలుగు పాఠకులకు ఈ ఉత్కంఠ కొత్తది కాదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వంటి నవలలు ధారావాహికలుగానే పాఠకులను పట్టి ఉంచాయి. అయితే వారపత్రికలో రచయితకూ పాఠకుడికీ మధ్య సంపాదకుడు ఉంటాడు. హాకింగ్ విషయంలో ఆ స్థానంలో ఎవరూ లేరు. పాఠకుడు రెండో భాగం కొనడమో, కొనకపోవడమో మాత్రమే తీర్పు.

7.4 వస్తువు: మారుబిడ్డ కథ

స్కాండినేవియా జానపద గాథల్లో ట్రోల్ జాతివారు మనుషుల బిడ్డను ఎత్తుకుపోయి, తమ బిడ్డను ఆ ఉయ్యాలలో పడుకోబెడతారు. ఆ మారుబిడ్డ కథే ‘స్విచ్డ్’కు మూలం. మిన్నెసోటాలో పంతొమ్మిదో శతాబ్దం నుంచి స్వీడన్, నార్వే దేశాల వలస కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. రక్తపిశాచాలు అంగడి నిండా ఉన్న రోజుల్లో రచయిత్రి తన ప్రాంతపు వారసత్వానికి దగ్గరైన ట్రోల్ కథను తీసుకోవడం గమనించదగినది. నవలలోని ట్రోల్ నగరం ‘ఫోరెనింగ్’ మిన్నెసోటాలోనే ఉంటుంది. ఆ పేరుకు స్వీడిష్ భాషలో సంఘం అని అర్థం.

కథానాయిక వెండీ ఆరో పుట్టినరోజున తల్లి ఆమెను రాక్షసి అంటూ కత్తితో దాడి చేస్తుంది. తల్లిని మానసిక చికిత్సాలయంలో ఉంచుతారు. అన్న మాట్ వెండీని పెంచుతాడు. ఆమెకు పదిహేడేళ్లు వచ్చాక ఫిన్ అనే యువకుడు వచ్చి, ఆమె ట్రిల్ అనే ట్రోల్ జాతి రాణి ఎలోరా కుమార్తె అని చెబుతాడు.

బిడ్డలను మార్చడానికి రచయిత్రి చూపిన కారణం ఈ నవలలోని బలమైన కల్పన. ట్రిల్ జాతివారు తమ బిడ్డలను ధనిక మానవ కుటుంబాల్లో ఉంచుతారు. ఆ బిడ్డలు పెద్దవారై, ఆ కుటుంబాల ఆస్తితో తిరిగి వస్తారు. రాజ్యం నడిచేది ఆ డబ్బుతోనే. కాకిగూటిలో గుడ్డు పెట్టే కోకిల వంటి రాజ్యమిది. పాత గాథలో భయానికి ప్రతీక అయిన మారుబిడ్డ ఇక్కడ వారసత్వం, వర్గం అనే ప్రశ్నలకు ప్రతీక అవుతుంది. ఫిన్ మార్పిడి జరగని అన్వేషకుల వర్గానికి చెందినవాడు. అందుకే రాకుమారిని ప్రేమించే అర్హత అతనికి లేదు.

7.5 తల్లి పాత్ర: ఒక లోపం

ఈ కల్పనను చివరి వరకూ అనుసరించి ఆలోచిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. తన దగ్గర పెరుగుతున్నది తన బిడ్డ కాదన్న తల్లి మాట నిజం. ఆమెను పిచ్చిదన్న లోకానిది పొరపాటు. ఆమె కన్న కుమారుడు రీస్ ఎలోరా భవనంలోనే పెరుగుతున్నాడు. అతనికి అక్కడ తిండికి లోటు లేదు, గౌరవం మాత్రం లేదు. కన్నబిడ్డనూ, స్వేచ్ఛనూ, మతి ఉన్నదన్న గుర్తింపునూ పోగొట్టుకున్న స్త్రీ కథలో ఉండగా, నవలలోని అసలైన విషాదం ఆమెదే కావాలి.

మొదటి నవల ఈ సత్యాన్ని దాచదు. కాని దాని దగ్గర నిలవదు. తల్లి మాట నిజమని తెలిసిన తరువాత కూడా కథనం రాజభవనం వైపు, ఫిన్ చూపుల వైపు పరుగు తీస్తుంది. తల్లి చేసిన దాడి క్షమించదగినదా, ఆమెకు జరిగిన అన్యాయానికి బాధ్యులెవరు అన్న ప్రశ్నలు అంచున మిగిలిపోతాయి.

సంపాదకుడు లేకపోవడం వల్లనే ఈ లోపం వచ్చిందని అనవచ్చా? 2012 జనవరిలో సెయింట్ మార్టిన్స్ సంస్థ ‘స్విచ్డ్’ను తిరిగి ప్రచురించింది. అప్పుడు కూడా కథాస్వరూపం అలాగే ఉంది. కాబట్టి కారణాన్ని ప్రక్రియలో వెతకాలి. ప్రణయ నవల పాఠకుడికి ఇచ్చే మాట ఒకటే: ప్రేమ ఏమవుతుందో చెబుతాను. ఆ మాట నిలబెట్టుకునే తొందరలో తల్లి వెనుకబడింది.

7.6 పాఠకులే సంపాదకులైనప్పుడు

ఆరంభంలో హాకింగ్ తన పుస్తకాలను ఇంటర్నెట్‌లో సమీక్షలు రాసే సాధారణ పాఠకులకు పంపారు. అమ్మకాలు పెరగడానికి వారి మాట ఎంతో తోడ్పడిందని ఆమె అంగీకరించారు. అక్షరదోషాలను, వాక్యదోషాలను ఎత్తిచూపినవారూ పాఠకులే. డబ్బు ఇచ్చి దిద్దించినా తప్పులు మిగిలిపోతున్నాయని ఆమె బాధపడ్డారు. ఈ వినయం మెచ్చదగినది.

అయితే పాఠకుల సలహాకు ఒక పరిమితి ఉంది. అచ్చుతప్పు ఎక్కడుందో పాఠకుడు చెప్పగలడు. తరువాత ఏం జరగాలో కోరగలడు. తాను అడగడానికి తోచని ప్రశ్న నవలలో ఉండిపోయిందని చెప్పడం అతనికి కష్టం. ఆ పని విమర్శకుడిది.

2011 మార్చిలో ఆమె ‘వాటర్‌సాంగ్’ అనే నాలుగు నవలల కోసం సెయింట్ మార్టిన్స్‌తో 20 లక్షల డాలర్లకు పైగా విలువైన ఒప్పందం చేసుకున్నారు. దిద్దుబాటు, ముఖచిత్రాలు, ఉత్తరాలు తన సమయాన్ని తినేస్తున్నాయని, తనకు రాయడమే కావాలని ఆమె చెప్పిన కారణం. కొందరు దీన్ని స్వతంత్ర రచయితల ఓటమిగా చూశారు. అది తొందరపాటు తీర్పు. ప్రచురణకర్త చేసే పనులన్నీ తానే చేసిన తరువాత, ఆ శ్రమ విలువ తెలిసి చేసుకున్న ఎంపిక అది.

7.7 సారాంశం

హాకింగ్ ప్రచురణకర్త నుంచి స్వేచ్ఛ పొందారు. ప్రక్రియ నుంచి, పాఠకుడి ఎదురుచూపు నుంచి పొందలేదు, పొందాలని కోరుకోలేదు కూడా. ఆ పరిధిలోనే వారసత్వపు డబ్బుతో నడిచే రాజ్యాన్ని ఊహించడం ఆమె సాధించిన విజయం. ఆ రాజ్యానికి మూల్యం చెల్లించిన తల్లి దగ్గర నిలవలేకపోవడం ఆమె పరిమితి. ఒకే నవలలో ఈ రెండింటినీ చూపగలిగినప్పుడే జనప్రియ రచనకు విమర్శకుడు గౌరవం ఇచ్చినట్లు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నవలాత్రయం ధరల విధానానికీ మొదటి భాగం ముగింపుకూ ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. ‘స్విచ్డ్’లో మారుబిడ్డ గాథ ఏ విధంగా వర్గ సమస్యగా మారిందో తెలపండి.
3. మీరు చదివిన ఒక తెలుగు ధారావాహిక నవలను తీసుకుని, ఉత్కంఠ కోసం అంచుకు నెట్టబడిన పాత్ర ఏదైనా ఉందేమో పరిశీలించి రాయండి.