నాలుగు మూలల పరీక్ష

1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉండి, నేటికీ తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్నో ఉన్న తిరుత్తణిలో, సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిలో పెళ్ళి జరిపించి, ఇరువైపుల బంధువులనూ వరుసలుగా నిలబెట్టి తీసే గ్రూప్ ఫోటో పైకి మామూలు పనిగానే కనిపించినా, లెన్స్ గుణాన్ని ఒక అంచు నుంచి మరో అంచు దాకా బయటపెట్టే పని. వధూవరులు, ఎడమ కొసన నిలబడ్డ మేనమామ స్పష్టంగా వచ్చి, అంతే దూరంలో కుడి కొసన నిలబడ్డ మేనత్త ముఖం మాత్రం మసకబారితే, చెయ్యి కదిలిందనో ఫోకస్ తప్పిందనో సరిపెట్టుకోవడం కుదరదు. చెయ్యి కదిలితే ఫోటో అంతటా కదలాలి, ఫోకస్ తప్పితే రెండు కొసలూ ఒకే తీరుగా చెడాలి. ఒక్క పక్కే, అదీ ఫోటో తరువాత ఫోటోలో అదే పక్క చెడుతున్నదంటే, అనుమానించవలసింది లెన్స్ లోపలి అమరికను. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల్లో ఫోటోల మీద బతికేవారు, సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేవారు ఈ లోపాన్ని ఇంటి దగ్గరే, దాదాపు ఖర్చు లేకుండా పట్టుకోవచ్చు. అయితే ఆ పరీక్షలోని నేర్పంతా లెన్స్‌వి కాని దోషాలను ఒక్కొక్కటిగా తొలగించడంలోనే ఉంది.

ఫోటోగ్రాఫర్లు లెన్స్ అని పిలిచేది ఒక గొట్టంలో ముందువెనుకలుగా పేర్చిన అనేక కటకాల వరుస. జూమ్ లెన్సుల్లో వీటి సంఖ్య తరచు పది దాటుతుంది. ప్రతి కటకానికీ దాని రెండు తలాల వక్రతాకేంద్రాలను కలుపుతూ పోయే ఒక ఊహారేఖ ఉంటుంది, దీన్నే పాఠ్యపుస్తకాలు ప్రధానాక్షం అంటాయి. ఈ అక్షాలన్నీ ఒకే సరళరేఖ మీద పడితేనే ప్రతిబింబం అన్ని వైపులా సమానంగా ఏర్పడుతుంది. వాటిలో ఏ ఒక్క కటకమైనా పక్కకు జరిగితే, లేదా ఇరుసు మీద ఒరిగిన బండిచక్రంలా వాలితే, ఆ లోపాన్ని వాడుకలో డీసెంటరింగ్ అంటారు. మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన కుదిర్చే అమరిక ఇది కాబట్టి, కింద పడిన దెబ్బకో, మరమ్మతులో విప్పి బిగించినప్పుడో చెదరవచ్చు. కొత్తగా కొన్నవాటిలో సైతం ఒకే మోడల్‌కు చెందిన రెండు లెన్సులు అచ్చం ఒకేలా ఉండవు. అమెరికాలో లెన్సులు అద్దెకిచ్చే లెన్స్‌రెంటల్స్ సంస్థను స్థాపించిన రోజర్ సికాలా, ఒకే మోడల్ లెన్సులను పెద్ద సంఖ్యలో యంత్రం మీద కొలిపించి, వాటి మధ్య తేడాలను గురించి ఏళ్ళ తరబడి రాశారు.

పరీక్షల్లో మొదటిది ఆరుబయట చేసేది. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గోపురమో, తిరుత్తణి కొండ మీది గోపురమో అర కిలోమీటరు దూరం నుంచి కనిపించే చోట ట్రైపాడ్ బిగించి, స్టెబిలైజేషన్ ఆపి, అపర్చర్‌ను పూర్తిగా తెరిచి, గోపురాన్ని ఫ్రేము మధ్యలో ఉంచి ఫోకస్ కుదిర్చి, ఆ ఫోకస్‌ను కదపకుండా కెమెరాను మాత్రం తిప్పుతూ అదే గోపురాన్ని ఒక్కొక్క మూలకూ తెచ్చి నాలుగు ఫోటోలు తీయాలి. 30 మీటర్ల ఎత్తున్న కట్టడం అర కిలోమీటరు నుంచి 50 మి.మీ. లెన్స్‌లో సెన్సర్ మీద 3 మి.మీ. ప్రతిబింబంగా పడుతుంది కాబట్టి, పెద్దది చేసి చూస్తే శిల్పాల అంచులు పోల్చడానికి చాలినంత వివరం దొరుకుతుంది. అంత దూరంలో వస్తువు కెమెరాకు సమాంతరంగా ఉన్నదా లేదా అన్న చిక్కు ఉండదు. ఉత్తరాన కనిపించే నగరి కొండల అంచు ఇంతకన్నా మంచి గురిగా తోచవచ్చు గాని, అన్ని కిలోమీటర్ల గాలిలోని మసక ముందే వివరాన్ని మింగేస్తుంది. పైగా వేసవిలో 40 డిగ్రీలు దాటే తిరుత్తణిలో పొద్దెక్కితే నేల మీది వేడిగాలి దృశ్యాన్ని అలలు అలలుగా కదిలిస్తుంది. అందువల్ల తెల్లవారిన వెంటనే, వీలైతే వాన వెలిసిన మరునాడు, ప్రతి మూలకూ నాలుగైదు ఫోటోలు తీయాలి. గాలి చేసే చెరుపు ఫోటో ఫోటోకూ మారుతుంది, లెన్స్ చేసే చెరుపు మారదు.

పోల్చేటప్పుడు మూలలను మధ్యభాగంతో కాక ఒకదానితో ఒకటి పోల్చాలి. దాదాపు ప్రతి లెన్స్‌లోనూ మూలలు మధ్యకన్నా మెత్తబడతాయి. సమతలంగా ఏర్పడవలసిన ప్రతిబింబం గిన్నెలా వంగడాన్ని క్షేత్ర వక్రత అంటారు, ఆ వక్రత వల్ల నాలుగు మూలలూ సమానంగా చెడితే అది ఆ లెన్స్ నమూనాలోనే ఉన్న గుణం. ఒక మూలో ఒక పక్కో మాత్రమే చెడితే, అక్కడే మళ్ళీ ఫోకస్ చేసి చూడాలి. అప్పుడు స్పష్టత తిరిగివస్తే ప్రతిబింబతలం వాలిందని, రాకపోతే కటకమే గట్టిగా చెదిరిందని అర్థం చేసుకోవచ్చు. అదే కెమెరాకు వేరే లెన్సులు తగిలించినా అదే మూల చెడుతుంటే, తప్పు సెన్సర్‌దో, లెన్స్ బిగించే మౌంట్‌దో అవుతుంది.

ఇటుకల గోడ ముందు ఇదే పరీక్ష చేసేవారు ఎక్కువగా మోసపోయేది గోడకూ కెమెరాకూ మధ్య కోణం దగ్గర. గోడకు ఒక చిన్న అద్దాన్ని చదునుగా ఆనించి, ఆ అద్దంలో లెన్స్ ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము నడుమ పడేదాకా కెమెరాను సర్దితే, సెన్సర్, గోడ సమాంతరమైనట్టే. తరువాత కెమెరాను తలకిందులు చేసి, అద్దంతో మళ్ళీ సర్ది, ఇంకో ఫోటో తీయాలి. మసక ఫ్రేములోని అదే పక్కన నిలిస్తే దోషం కెమెరాదో లెన్స్‌దో, గోడలోని అదే భాగాన్ని వెంటాడితే దోషం గోడదే.

మూడో పరీక్ష రాత్రిది. అల్యూమినియం రేకుకు సూదిమొనతో 0.3 మి.మీ. రంధ్రం చేసి, వెనుక టార్చిలైటు పెట్టి, మిద్దె మీద 10 మీటర్ల దూరం నుంచి 50 మి.మీ. లెన్స్‌తో చూస్తే, ఆ రంధ్రం ప్రతిబింబం సుమారు 0.0015 మి.మీ. మాత్రమే ఉంటుంది, చాలా సెన్సర్లలో ఒక్క పిక్సెల్ వెడల్పుకన్నా ఇది తక్కువ. ఆ చుక్కను ఫ్రేము నడుమకు తెచ్చి, ఫోకస్‌ను కొద్దిగా తప్పిస్తే, మంచి లెన్స్‌లో గుండ్రని వెలుగు బిళ్ళ అన్ని వైపులా సమానంగా విచ్చుకుంటుంది. ఒక వైపుకు తోక సాగితే అది కోమా అనే విపథనం. అక్షం చుట్టూ అన్ని వైపులా ఒకేలా ఉన్న కటకాల వరుసలో, నట్టనడుమ పడే చుక్కకు తోక సాగడానికి ఏ ఒక్క దిక్కుకూ కారణం ఉండదు. కాబట్టి నడుమ కోమా కనిపించిందంటే ఆ సమానత్వం ఎక్కడో భంగపడిందన్నది తిరుగులేని సాక్ష్యం. ఖగోళశాస్త్రజ్ఞులు దూరదర్శినుల అమరికను నక్షత్రాలతో పరీక్షించేది ఇదే సూత్రం మీద. హైదరాబాదులో పెరిగిన వేణు బప్పు పేరు పెట్టిన కావలూరు వేధశాలకైనా, తిరువళ్ళూరులోని మిద్దెకైనా సూత్రం ఒక్కటే.

ఫలితం చేతికి వచ్చాక, దాన్ని లెన్స్ చేయవలసిన పనితో కలిపి తూచాలి. కోమా వల్ల వచ్చే మసక అపర్చర్ వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, ఎఫ్/2.8 దగ్గర ఉన్నది ఎఫ్/8 దగ్గర దాదాపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. పగటి వెలుగులో ఎఫ్/8 దగ్గర గ్రూప్ ఫోటోలు తీసేవారు స్వల్ప లోపమున్న లెన్స్‌ను నిశ్చింతగా వాడుకోవచ్చు. వెలుతురు చాలని కల్యాణమండపంలో అపర్చర్ పూర్తిగా తెరిచి పనిచేసేవారు అదే లెన్స్‌ను వెనక్కి ఇవ్వడమో, ఆ నాలుగు ఫోటోలతో సహా సర్వీస్ సెంటరుకు పంపడమో చేయాలి. కొన్ననాడు, కింద పడిననాడు, మరమ్మతు నుంచి తిరిగివచ్చిననాడు ఈ పరీక్ష చేసి ఫోటోలను దాచి ఉంచుకోవడం వృత్తిధర్మంలో భాగం కావాలి. గాలిని, గోడను, ట్రైపాడ్‌ను, కెమెరాను విడివిడిగా విచారించి నిర్దోషులని తేల్చినవారికే లెన్స్ మీద తీర్పు చెప్పే హక్కు వస్తుంది, అలా చెప్పిన తీర్పును అమ్మినవారూ కాదనలేరు.